టోపీలు కత్తిరించిన పేక

మార్చి 3, సోమవారం

యుద్ధం రోజుల్లో ఈ పేకముక్కలతో నిజంగా ఎవరైనా ఆడారా, లేక చూసి, నవ్వుకుని, భయపడి దాచేశారా?

పంతొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. అల్మరాలో నలభై మూడు పేకలున్నాయి, అన్నీ ఏ పాలకుణ్ణో ఏ యుద్ధాన్నో వెక్కిరిస్తూ వేసినవే. మంత్రిని గాడిద మోస్తున్నవి, గాడిదను మంత్రి మోస్తున్నవి. ఒక్కదాని అంచూ నలగలేదు. నలగలేదంటే ఎవరూ ఆడలేదనే కదా. ఎదిరించలేని జనం కాగితం మీద నవ్వుకుని ఊరుకున్నారని ఒకప్పుడు పెద్ద వ్యాసం రాశాను. అచ్చయిన రోజే అది తప్పేమోనని అనుమానం వచ్చింది. మర్నాడు ఒప్పేమోనని.

ఇవాళ లైబ్రరీలో పొద్దుటి డ్యూటీ దిగి, మా ఆయన కోటు అస్తరు చిరిగిందంటే, వెనకవీధిలో పాతబట్టలు సరిచేసే దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం రెండున్నర. తలుపు ఓరగా ఉంది. పరదా వెనక నుంచి ఆడవాళ్ళ గొంతులు.

"గరాటు పోయింది!"

"పోతే పోయాడులే, చెక్కగుర్రం ఇంకా నా దగ్గరే ఉంది."

"ఆ నాలుక ఎవరి దగ్గరుందో బయట పెట్టండర్రా, నాకు ఆయాసం వస్తోంది."

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకున్నాను. నాలుక దగ్గర ఆగిపోయాను. గరాటు, చెక్కగుర్రం, నాలుక. ఈ మూడూ కలిసి ఉన్న చోటు ఒక్కటే. చెవుల స్థానంలో గరాటులున్న యుద్ధమంత్రి, ఇస్పేటు రాజు. చెక్కగుర్రం మీద ఊగుతూ కత్తి దూసిన సేనాపతి, కళావరు జాకీ. వేదిక మెట్ల మీద నాలుకను తివాచీలా పరిచిన ప్రధాని, ఆఠీను రాజు. ఆ పేకలో విడిముక్కలు పదకొండు నా దగ్గరున్నాయి. పూర్తి పేక ఎక్కడా మిగల్లేదని నాకు తెలిసిన ప్రతి జాబితాలోనూ రాసి ఉంది.

పరదా లాగేశాను. మర్యాద తర్వాత గుర్తొచ్చింది.

గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ ముగ్గురు పెద్దావిడలు. నాలుగో కుర్చీ ఖాళీ, దాని ముందు మాత్రం ముక్కలు పంచి బోర్లించి ఉన్నాయి. ఆ ఖాళీ చెయ్యిని వంతులవారీగా ఆడుతున్నారు.

"కోటా?" అంది మెడలో టేపు వేసుకున్నావిడ, తలెత్తకుండానే. "అక్కడ పడేసి వెళ్ళమ్మా. ఆట అయ్యాక చూస్తా."

"అది కాదండీ... ఆ పేక..."

"ఆడతావా?"

"నాకు ఆడ్డం రాదు."

ముగ్గురూ ఒకేసారి తలెత్తి, చదువు రానిదాన్ని చూసినట్టు జాలిగా చూశారు.

మార్చి 4

కోటు వంకతో మళ్ళీ వెళ్ళాను. దుకాణం ఆవిడను అందరూ టైలరమ్మ అంటారు. ఎనభై దాటింది, సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కిస్తుంది. పక్కన పోస్టమ్మ. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైంది, ముక్కలు పంచుతుంటే అడ్రసు చూసి వేస్తున్నట్టే ఉంటుంది. మూడో ఆవిడ నర్సుపిన్ని. నాలుగో కుర్చీ కండక్టరమ్మది. ఆవిడకు కంట్లో శుక్లం తీశారు, 24 దాకా ముక్కలు చూడొద్దన్నారట.

చేతులు కడుక్కుని పేక ముట్టుకున్నాను.

"ఏమిటే, ఆపరేషనా?" అంది నర్సుపిన్ని.

యాభై రెండూ ఉన్నాయి. తొమ్మిది డైమను ఒక్కటే అట్టముక్క మీద చేత్తో వేసుకున్నది. మిగతావన్నీ అసలువి. అయినా ఏదో తేడా. సంచిలోంచి నా యుద్ధమంత్రిని తీసి వాళ్ళ యుద్ధమంత్రి పక్కన పెట్టాను. వాళ్ళ ముక్క చిన్నది! నా మంత్రికి ఈకల టోపీ ఉంది. వాళ్ళ మంత్రికి నుదురే సగం.

"అంచులు పీచు లేస్తాయి కదమ్మా," అంది టైలరమ్మ. "నాలుగైదేళ్ళకోసారి యాభై రెండూ ఒక్క కొలతకు కత్తిరిస్తాను. లేకపోతే నా చేతిలో ఏ ముక్క ఉందో ఎదుటివాళ్ళకి తెలిసిపోదూ?"

"కత్తిరించేశారా!"

"నువ్వు గోళ్ళు తీసుకోవూ?"

అరవై ఏళ్ళలో ఆ ప్రభుత్వం అటూ ఇటూ కలిపి వేలెడంత తగ్గిపోయింది. మొదట టోపీలు పోయాయట, తర్వాత భుజాల మీది పతకాలు. నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నవ్వే విషయం కాదు.

మార్చి 5

మా డైరెక్టర్ గారికి చెప్పేశాను. 29న లైబ్రరీ హాల్లో నా సేకరణ ప్రదర్శన. మధ్యలో పెట్టడానికి ఏముందని అడిగారు. "యుద్ధం నాటి పూర్తి పేక దొరికింది సర్" అన్నాను. దొరకొచ్చు అనాల్సింది. క్రియ ఒక్కటే తప్పింది.

మార్చి 6

పోస్టరు వచ్చేసింది. "ఇంతవరకు ఎవరూ చూడని పూర్తి పేక." నా తప్పు క్రియ, గోడంత.

మార్చి 7

అడిగేశాను. ప్రదర్శనకు ఇవ్వమని, తర్వాత లైబ్రరీలోనే గాజుపెట్టెలో భద్రంగా ఉంచుతామని.

"గాజుపెట్టెలో ఉంటే మేం ఎలా ఆడాలి? పైనుంచి వేలు చూపిస్తూనా?" అంది పోస్టమ్మ.

"కొత్త పేక తెచ్చిస్తాను."

"కొత్తదాంట్లో గరాటు ఉంటాడా?"

ఉండడు. టైలరమ్మ మాత్రం టేపు చివర వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

"నీ దగ్గర పదకొండున్నాయన్నావు. ఏవేవి?"

ఒప్పజెప్పాను. గరాటు, చెక్కగుర్రం పేర్లు విని ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా చెక్కగుర్రానికి కాళ్ళు కనబడ్డం మానేసి పదేళ్ళయింది. సరే, వినమ్మాయ్. కండక్టరు వచ్చేదాకా ఆ కుర్చీ నీది. ఆట నేర్చుకో. 23, ఆదివారం, ఒకే ఒక్క ఆట. నెగ్గావా, ఈ పేక పట్టుకెళ్ళు. ఓడావా, నీ పదకొండూ మావి."

"తీసుకుని ఏం చేస్తారు?"

"మా కొలతకు కత్తిరిస్తా. ఏమనుకున్నావు, ఫ్రేము కట్టిస్తాననా?"

ఎదురుగా కూర్చునే నర్సుపిన్ని నాకు జత. "పిన్నీ, మనం నెగ్గితే మీ పేకే పోతుంది కదా. కావాలని ఓడిపోరు కదా?" అన్నాను.

"ఆటలో నేను దొంగాట ఆడను. బయట సంగతి అడక్కు."

సరే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

మార్చి 8

"పంతొమ్మిదేళ్ళు పేకముక్కలతో కాపురం చేసి పేక కలపడం రాదా!" మా ఆయన కుర్చీలోంచి పడబోయాడు. "బయటెక్కడా అనకు, నా పరువు పోతుంది."

పేక ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని చిన్నప్పుడు నాన్న అనేవారు. ముట్టుకున్నాను గానీ ఆడలేదు నాన్నా, అని ఇన్నేళ్ళూ ఆయనకు జవాబు చెప్పుకుంటున్నానేమో.

నలుగురు, రెండు జతలు. తలా పదమూడు ముక్కలు. నలుగురూ తలా ఒకటి వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినవాళ్ళది. ఏడు పట్లు ముందు ఎవరివైతే వాళ్ళది ఆట. దిగిన రంగు చేతిలో ఉంటే అదే వేయాలి, లేకపోతే తురుపు, అంటే ఆ ఆటకు మిగతా అన్నిటినీ కొట్టే రంగు, వేసి కోయొచ్చు. ఇంతేనట. ఇంతేనా! దీనికేనా అంత భయపెట్టారు?

మార్చి 10

కలపబోతే ముక్కలన్నీ గాల్లోకి లేచి నేలంతా పరుచుకున్నాయి.

"ప్రభుత్వం పడిపోయింది!" అని అరిచింది పోస్టమ్మ. బల్లల కింద దూరి నలుగురం ఏరుకున్నాం. ప్రధాని కుట్టుమిషను పెడలు కింద దొరికాడు. నర్సుపిన్ని లేవలేక, నవ్వాపుకోలేక అక్కడే కూర్చుండిపోయింది.

మార్చి 12

మూడు పట్లు తెచ్చాను. మూడు!

మార్చి 14

వాన. దుకాణానికి ఎవరూ రాలేదు. ముక్కలకు ఆ పేర్లెలా వచ్చాయని అడిగాను.

నలుగురూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళప్పుడు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఒకే వరస మిషన్ల మీద పనిచేసేవాళ్ళట. పేకను మిషన్ల మెకానిక్ నూనెడబ్బా అడుగున పెట్టి తెచ్చాడు. దొరికితే జైలే. మధ్యాహ్నం తిండి వేళ ఆడుకునేవాళ్ళు. సూపర్‌వైజర్ వెనకే తచ్చాడేవాడు కాబట్టి రాజు, మంత్రి అనకుండా ఈ పేర్లు పెట్టుకున్నారు.

"ఒకసారి పట్టుకున్నాడు," అంది టైలరమ్మ. "గరాటు ఏమిటన్నాడు. మిషన్లో నూనె పోయడానికండీ అన్నా. చెక్కగుర్రం? మా చెల్లెలి బొమ్మండీ అంది పోస్టు. మరి నాలుక? అన్నాడు. ఇది ఠక్కున నాలుక బయటపెట్టి, పుండైందండీ, అంది."

"అందుకే నన్ను నర్సును చేశారు," అంది నర్సుపిన్ని.

తర్వాతోసారి సోదాకు వచ్చారు. నలుగురూ తలా పదమూడు ముక్కలు కుడుతున్న చొక్కాల కాలర్లలో, బిగువుకు వేసే గుడ్డ బదులు పెట్టి కుట్టేశారు. సోదా అయ్యాక విప్పదీసుకున్నారు. ఒక్క చొక్కా అప్పటికే మూటలో లారీ ఎక్కేసింది. తొమ్మిది డైమను. దాని మీద తొమ్మిదిమంది అధికారులు ఒకే గొడుగు కింద నిలబడి ఉంటారట, పక్కన ఒక సైనికుడు తడుస్తూ.

"యుద్ధానికి వెళ్ళింది," అంది టైలరమ్మ.

పోస్టమ్మ ముక్కలు దగ్గరికి చేర్చి కలపసాగింది.

"నేను తపాలాలో ఎందుకు చేరాననుకున్నావు?" అంది పోస్టమ్మ నాతో. "మెడకేదో గుచ్చుకుంటోందని ఎవడో ఒకడు విప్పి చూస్తాడు, చూసి నవ్వుకుని వెనక్కి పంపుతాడు అనుకున్నా. ముప్ఫై ఏళ్ళు చూశా."

"కాలర్ మీద అడ్రసు రాయలేదు కదే, పిచ్చిదానా," అంది నర్సుపిన్ని, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి. "పంచు."

పంచింది. అట్టముక్క తొమ్మిది డైమను నాకే వచ్చింది. దాన్ని ఎప్పుడు వేయాలో తెలియక చివరిదాకా పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 17

నెగ్గాలి. ఇంకో రెండుసార్లు కత్తిరిస్తే ఎవరి మొహం ఎవరిదో తెలియదు. నేను చేస్తున్నది లాక్కోవడం కాదు, రక్షణ.

మార్చి 18

రక్షణ అన్న మాట కొట్టేశాను. గరాటు చూసిన శాఖ కూడా అదే.

మార్చి 20

నెగ్గాం! ఉత్తుత్తి ఆటే, కానీ నెగ్గాం. ఎనిమిది పట్లు. వీధిలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ నడిచాను. ఎదురొచ్చిన డైరెక్టర్ గారు గాజుపెట్టె చేయించాలి, ముక్క కొలతలు చెప్పమన్నారు.

"కొలతలు ఇంకా ఖాయం కాలేదు సర్."

"అరవై ఏళ్ళ నాటి పేక కదండీ?"

"అందుకే సర్."

మార్చి 22

రేపు. పదకొండు ముక్కలూ ఒకసారి తీసి చూసుకున్నాను. ఈకల టోపీ ఎంత బాగుంటుందో.

మార్చి 23, ఆదివారం

ముందు చేతులు వేడెక్కాలని ఒక ఉత్తుత్తి ఆట. తురుపు ఇస్పేటు. తర్వాత అసలు ఆట. తురుపు ఏదో గుర్తుండడానికి టైలరమ్మ సూదులదిండుకు ఒక గుండీ గుచ్చుతుంది: ఇస్పేటుకు నలుపు, కళావరుకు ఆకుపచ్చ, డైమనుకు పసుపు, ఆఠీనుకు ఎరుపు. అసలు ఆటకు తురుపు ఆఠీను.

పదకొండు పట్లయ్యేసరికి వాళ్ళవి ఆరు, మావి అయిదు. ఇంకా రెండు. రెండూ మావి కావాలి. నా చేతిలో నాలుక, కళావరు ఆసు. టైలరమ్మ డైమను వేసింది. నా దగ్గర డైమను లేదు. ఇప్పుడు రాస్తుంటే అంతా అద్దంలా కనబడుతోంది: మిగతా తురుపులన్నీ అప్పటికే దిగిపోయాయి. నాలుకతో కోస్తే ఆ పట్టు మాది. తర్వాత కళావరు ఆసును కొట్టేదే లేదు. ఏడు.

కళావరు ఆసు వేశాను.

"మాది," అంది టైలరమ్మ నెమ్మదిగా. "ఏడు."

చివరి ముక్కగా నాలుక దించాను. నర్సుపిన్ని దాన్ని చూసింది, నన్ను చూసింది.

"చేతిలో నాలుక పెట్టుకుని నోరు మెదపలేదేమే?"

"తురుపు ఇంకా ఇస్పేటే అనుకున్నా పిన్నీ. ముందాటది."

"గుండీ ఎర్రగా ఉంది కదా."

"చూళ్ళేదు."

టైలరమ్మ కాగితాల కత్తెర తీసింది. బట్టల కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని అది వేరే ఉంచింది. "నువ్వు బయటికెళ్ళి కూర్చుంటావా?" అంది. ఇక్కడే ఉంటానన్నాను. తొడుగుల్లోంచి నేనే తీసి ఇచ్చాను. పాతముక్క పైన పెట్టి, సబ్బుముక్కతో గీత గీసి, చర్రున కోసింది. యుద్ధమంత్రి ఈకల టోపీ బల్ల మీద పడింది. తర్వాత సేనాపతి గుర్రం చెవులు. ప్రధాని జుట్టు.

"ఏడుస్తోందేమో చూడవే," అంది పోస్టమ్మ.

"నవ్వుతోంది," అంది నర్సుపిన్ని.

రెండూ చేస్తున్నానేమో. కింద పడ్డ అంచులు ఏరుకుంటుంటే, అవెందుకే అన్నారు. ఊరికే అన్నాను.

తర్వాత పాతవాటి స్థానంలో ఆ ముక్కలు కలిపి మళ్ళీ ఆడాం. పంతొమ్మిదేళ్ళు ఒంగకుండా నిలబడ్డవి కదా, బిర్రబిగుసుకుని ఉన్నాయి. గరాటు ఎవరి చేతిలో ఉన్నాడో ముగ్గురికీ తెలిసిపోతోంది. వారం రోజులు తలా రెండు, మూడు ముక్కలు ఇంటికి తీసుకెళ్ళి చేతుల్లో నలిపి మెత్తబరచాలని తీర్మానించారు. నా వంతుకు గరాటు వచ్చాడు.

మార్చి 24

చూళ్ళేదు. అంతే.

మార్చి 25

డైరెక్టర్ గారికి మొత్తం చెప్పాను. పోస్టరు వైపు చూశారు. నేనూ చూశాను.

"పేక లేదు. మరి ఏముంది?"

కవరు విప్పి అంచులు బల్ల మీద పరిచాను. భూతద్దం తీసుకుని చాలాసేపు వంగి చూశారు.

"ఈ టోపీ ఎవరిది?"

"యుద్ధమంత్రిది సర్."

"మంత్రి ఎక్కడ?"

సంచిలో ఉన్నాడు, పొద్దుట బస్సులో నలుపుతూ వచ్చాను. తీసి చేతిలో పెట్టాను. ఆయన ఒకసారి వంచి చూశారు, వంగాడు. ముక్కుతో ఏదో చప్పుడు చేశారు. అది నవ్వని తెలియడానికి నాకు కొంచెం టైము పట్టింది.

"పోస్టరు మీద 'అంచులు' అని ఒక చీటీ అతికించమంటాను," అన్నారు.

మార్చి 26

మా ఆయన అడిగాడు: "నిజంగా చూళ్ళేదా?"

చూళ్ళేదన్నాను.

"రంగులు బాగానే కనబడతాయే నీకు," అన్నాడు. కళ్ళద్దాల షాపు ఆయనది. నా కళ్ళు పరీక్ష చేసేది ఆయనే.

మార్చి 29, శనివారం

హాలు నిండిపోయింది. నలభై మూడు పేకల ముందు జనం గంభీరంగా నడిచారు. మధ్యపెట్టె దగ్గరికి వచ్చేసరికి ఒకరి భుజం మీంచి ఒకరు వంగి నవ్వారు. నల్లగుడ్డ మీద సన్నటి అంచులు: ఈకలు, గుర్రం చెవులు, సగం కిరీటం. కింద నేను రాసిన చీటీ: "యుద్ధం నాటి వ్యంగ్యపు పేక, పదకొండు ముక్కల అంచులు. ముక్కలు వాడుకలో ఉన్నాయి."

నలుగురూ వచ్చారు. టైలరమ్మ గాజుకు ముక్కు ఆనించి చూసింది. "ఇన్నేళ్ళూ చెత్తబుట్టలో వేశానే," అంది. డైరెక్టర్ గారు వచ్చి నమస్కారం పెడితే, ఆయన కోటు చెయ్యి పట్టుకుని చూసి, "ఈ కుట్టు ఎవరు వేశారు? రేపు తీసుకురండి" అంది.

నల్లకళ్ళద్దాల కండక్టరమ్మ నన్ను పైనుంచి కిందకు చూసింది.

"నా కుర్చీలో కూర్చుంది నువ్వేనా?"

"అవునండీ."

"టికెట్ లేకుండా ఎక్కావు. పర్లేదు, సర్దుకుందాం. నాకు మూడింటికి కునుకు పడుతుంది, అప్పుడు నువ్వాడు."

మార్చి 30

ఒకదానికి జవాబు దొరికింది. ఆడారు. టోపీలు అరిగేదాకా ఆడారు. నా వ్యాసం మళ్ళీ రాయాలి. ఈసారి సంతోషంగా రాస్తాను.

రెండోది మిగిలింది. ఆ ఆదివారం నాకు గుండీ కనబడిందా, లేదా?

కావాలని ఓడానని రాస్తే మంచిదాన్నయిపోతాను, అందుకే నమ్మబుద్ధి కావడం లేదు. మరిచిపోయానని రాస్తే మొద్దునవుతాను. అది నమ్మడం తేలికే, కానీ ఆసు వేసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మరిచిపోయినవాళ్ళూ తడుముకోరు. నిశ్చయించుకున్నవాళ్ళూ తడుముకోరు. ఆ బల్ల దగ్గర మళ్ళీ కూర్చుని, అదే కుర్చీలోంచి, అదే దూరం నుంచి చూశాను. ఎర్రగుండీ ఎర్రగానే ఉంది. ఆ రోజు చూశానో లేదో మాత్రం నాకు తెలియదు.